ప్యారిస్ వెళ్తున్నావుగా, బిర్కిన్ మాత్రం ఎందుకులే

చి.ల.సౌ. స్వాతికి,

అత్తయ్య దీవెనలు. ఎర్మెస్ అనే ఆ ఫ్రెంచి తోలు సామాను కంపెనీ షాపులో బిర్కిన్ బ్యాగు ఎలా అడగాలో చెప్పమని రాశావు. చెబుతాను. అయితే అసలు అడగాలా వద్దా అన్నది ముందు తేల్చుకుందాం. నన్నడిగితే బిర్కిన్ గొప్ప పనితనం, చేతికి మాత్రం అక్కరకు రాని బ్యాగు. అన్నట్టు షాపులో హెర్మిస్, హెర్మెస్ అనకు. మొదటి హకారం పలకరు, చివరి సకారం పలుకుతారు.

పనితనం ముందు చెబుతాను, లేకపోతే అత్తయ్యకు గిట్టదనుకుంటావు. 1837లో గుర్రాల జీను సామాను కుట్టే దుకాణంగా మొదలైన ఇల్లు అది. ఆ కుట్టు ఇప్పటికీ అదే. మైనం పట్టించిన నార దారానికి రెండు కొసలా రెండు సూదులు. ఒక్కో బెజ్జంలో రెండు సూదులూ ఎదురెదురుగా దూరతాయి. మిషన్ కుట్టు ఒకచోట తెగితే లాగిన కొద్దీ ఊడివస్తుంది. ఇక్కడ ఒక దారం తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. ఒక బ్యాగును మొదటినుంచి చివరిదాకా ఒకే పనివాడు కుడతాడు. నువ్విచ్చే డబ్బుకు విలువ ఏదైనా ఉంటే అది ఆ కుట్టులో ఉంది. ఆ కుట్టు బిర్కిన్‌కే కాదు, అందులో మూడో వంతు ధర పలికే బ్యాగుకూ ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

ఇక బిర్కిన్. 25, 30, 35, 40 అని సైజులు, ఆ అంకె అడుగు వెడల్పు సెంటీమీటర్లలో. భుజానికి వేసుకునే పట్టీ లేదు. 35 సైజు క్లెమాన్స్ అనే గరుకు తోలులో తీసుకుంటే ఖాళీగానే కిలోకి అటూ ఇటూ తూగుతుంది. ఫోను, నీళ్ల సీసా, పాస్‌పోర్టు, పిల్లాడి బిస్కెట్లు వేస్తే ఆ బరువంతా మోచేతి మడతలో వేలాడుతుంది. ఎవరి పేరు పెట్టారో ఆ నటి జేన్ బిర్కినే ఈ బరువు మీద సణిగేది. మూత సంగతి చూడు. పై ఫ్లాపు ముందుకు దించాలి, రెండు పక్కల నుంచి వచ్చే తోలుపట్టీలు తెచ్చి మధ్యలో ఉన్న లోహపు గుబ్బకు తొడగాలి, గుబ్బ అడ్డంగా తిప్పాలి. రెండు చేతులూ కావాలి, బ్యాగు ఆనించడానికి బల్ల కావాలి. మెట్రో టికెట్ కోసం ఒకసారి, ఫోను కోసం ఒకసారి ఈ తతంగం చేసే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే వీధిలో కనబడే బిర్కిన్లన్నీ ఫ్లాపు లోపలికి తోసి, నోరు తెరుచుకుని ఉంటాయి. ప్యారిస్ మెట్రోలో నోరు తెరిచిన బ్యాగు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. తాళం, తాళంచెవి ఇస్తారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వాటి పని అంతే.

కెల్లీ అని వాళ్లదే ఇంకో బ్యాగు దీనికన్నా నయం, భుజం పట్టీ ఉంది. కుట్టు బయటికి కనిపించే సెల్లియే రకం బిగువుగా నిలబడుతుంది గానీ మూలలు ముందు అరుగుతాయి. లోపలికి తిప్పి కుట్టిన రెతూర్నే మెత్తగా వాలుతుంది, గీతలు తక్కువ కనిపిస్తాయి. దొరకడం మాత్రం బిర్కిన్ అంత కష్టమే.

“పెట్టుబడి కదా అత్తయ్యా” అంటావు, నాకు తెలుసు. జేన్ బిర్కిన్ వాడిన మొట్టమొదటి బ్యాగు 2025 జూలైలో ప్యారిస్‌లో సోథబీస్ వేలంలో దాదాపు 86 లక్షల యూరోలకు పోయింది, ఆ వార్త అందరూ చదివారు. అది ఆవిడ చేతిలో అరిగిన బ్యాగు, గోళ్లు కత్తిరించుకునే కట్టర్‌తో సహా. నీ బ్యాగుకు ఆ లెక్క వర్తించదు. నీ లెక్క ఇలా ఉంటుంది. బ్యాగు పది వేల యూరోలకు అటూ ఇటూ అనుకో. అది చూపించడానికి ముందు షాపులో నీ పేరు మీద కొనుగోళ్లు ఉంటే మంచిదని అందరూ చెబుతారు, షాపు అలా రాసిపెట్టదు. అలా ఇంకో పది వేలకు చెప్పులు, కప్పులు, దుప్పటి కొన్నావనుకో. వాటిని అమ్మబోతే సగం వచ్చినా గొప్ప. అంటే ఐదు వేలు అక్కడే పోయాయి, బ్యాగు అసలు ధర పదిహేను వేలు. తిరిగి అమ్మిపెట్టేవాడి కమిషన్ పోగా అంతకన్నా ఎక్కువ మిగలాలంటే చిన్న సైజు, నలుపో గోధుమరంగో, ప్లాస్టిక్ విప్పని బ్యాగు కావాలి. విప్పకుండా బీరువాలో పెట్టడానికైతే బంగారం కొనుక్కో, కనీసం పెళ్లికి పెట్టుకోవచ్చు.

ఈ కొనుగోళ్ల షరతు అన్యాయమని 2024 మార్చిలో కాలిఫోర్నియాలో దావా వేశారు, కోర్టు కొట్టేసింది. కాబట్టి ఆ పద్ధతి మారుతుందని ఎదురుచూడకు. దానికి లొంగకుండా కొనడమే నీ చేతిలో ఉన్న పని.

ప్యారిస్‌లో మూడు షాపులున్నాయి. ఫోబూర్ సెంతొనొరే వీధి 24వ నంబరు, 1880 నుంచీ అదే వాళ్ల ఇల్లు. జార్జ్ సాంక్ అవెన్యూలో ఒకటి, సెవ్ర్ వీధిలో ఒకటి. తోలు బ్యాగులు చూడాలంటే ముందురోజు వాళ్ల సైట్లో అపాయింట్‌మెంట్ అడగాలి. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఫోను నంబరు ఇస్తావు, జవాబు ఫోనుకే వస్తుంది. ఇక్కడే మనవాళ్లు పొరపడతారు: ఇండియా నంబరు ఇచ్చి రోమింగ్ ఆన్ చేయరు, మెసేజ్ రాదు, దొరికిన అపాయింట్‌మెంట్ కూడా పోతుంది. నీదీ మీ ఆయనదీ వేర్వేరుగా అడగండి, పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అని తికమక పడకు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏది ఉంటే అదే. దొరకకపోతే మర్నాడు మళ్లీ అడగండి. నాలుగు రోజులు దీనికే పోతున్నాయంటే వదిలెయ్యండి, ప్యారిస్‌లో చూడాల్సినవి వేరే ఉన్నాయి.

అపాయింట్‌మెంట్ దొరికినంత మాత్రాన బ్యాగు దొరికినట్టు కాదు. లోపలికి అడుగుపెట్టగానే “బోంజూర్” అను, అదక్కడ నమస్కారం కింద లెక్క, అనకపోతే ముఖం మాడ్చుకుంటారు. పట్టుచీర, నగలు అక్కర్లేదు, కాటన్ చుడీదార్ చాలు. కూర్చోబెట్టి ఏం కావాలంటారు. సైజు, తోలు, రెండు రంగులు సూటిగా చెప్పు. “ఏదైనా ఫరవాలేదు” అన్నావో, ఎవరూ తీసుకోని రంగు నీ ముందుకొస్తుంది. సేల్స్ అమ్మాయి లోపలికెళ్లి నారింజరంగు పెట్టె ఒక్కటి తెచ్చి, రిబ్బన్ నెమ్మదిగా విప్పుతుంది. ఆ రెండు నిమిషాల్లోనే మనిషి మెత్తబడిపోతుంది. వచ్చింది అడిగినదానికి భిన్నంగా ఉంటే “నోన్, మెర్సీ” అని నవ్వుతూ చెప్పి లే. సిగ్గుపడాల్సిందేమీ లేదు, చీరల కొట్లో నలభై చీరలు పరిపించి లేచి వచ్చేవాళ్లం మనం!

మరి ఏది అడగాలి? ఎవలీన్ అనే బ్యాగు. ఇందాక మూడో వంతు ధర అన్నది దీని గురించే. 1978లో గుర్రాల విభాగం చూసే ఎవలీన్ బెర్‌త్రాన్ గుర్రాన్ని తోమే బ్రష్షులు పెట్టుకోవడానికి చేయించింది. ముందువైపు బెజ్జాలతో గుండ్రంగా ఒక హెచ్ అక్షరం ఉంటుంది. అది అలంకారం కాదు, తడి బ్రష్షులకు గాలి ఆడటానికి. ఆ అక్షరం ఒంటివైపు ఉండేలా వేసుకోవాలన్నది మొదటి ఉద్దేశం. ఇప్పుడు అందరూ బయటికి తిప్పుకుంటున్నారు. నువ్వు లోపలికే తిప్పుకో. దొంగ చూపు తప్పుతుంది, ముందువైపు సాదా తోలు కనిపిస్తుంది, నాకైతే అదే అందం. 29 సెంటీమీటర్ల పీఎమ్ సైజు తీసుకో, 16 సెంటీమీటర్ల టీపీఎమ్ సైజులో ఫోను, తాళాలు తప్ప పట్టవు. పట్టీ పొడవు మార్చుకోవచ్చు, వెనక జేబు ఉంది, చీర మీద అడ్డంగా వేసుకున్నా కొంగు జరగదు. దీనికీ లోపాలున్నాయి. పైన జిప్పు లేదు, ఒక చిన్న తోలు నాలుక, ఒక బటన్, అంతే. రద్దీలో ముందుకు లాక్కోవాలి. లోపల లైనింగ్ లేదు, పూత లేని తోలు, పెన్ను సిరా కారితే పోదు. పట్టీ కాన్వాస్ కాబట్టి చెమటకు మాస్తుంది.

తోలు రకం మన వాతావరణం చూసి ఎంచుకోవాలి, నువ్వుండేది కాకినాడ మరి. ఎప్సమ్ అంటే అచ్చు ఒత్తిన తోలు, తేలిక, గట్టి, తడిగుడ్డతో తుడిస్తే సరి. టోగో, క్లెమాన్స్ సహజమైన గరుకుతో గీతలు దాచుకుంటాయి, ఎవలీన్ ఎక్కువగా క్లెమాన్స్‌లోనే వస్తుంది. షెవ్ర్ మైసూర్ అని మేకతోలు ఒకటుంది, పేరు మన మైసూరుదే, తేలికగా ఉండి బాగా ఆగుతుంది. బాక్స్ తోలు ముట్టుకోకు, వాన చినుకు పడితే పొక్కులా లేస్తుంది. బరేనియా అనే తోలుకూ, రంగు వేయని తోలుకూ నూనె చేయి తగిలితే మచ్చే. తలకు కొబ్బరినూనె రాసుకుని, అదే చేత్తో లేత రంగు హ్యాండిల్ పట్టుకుంటే ఆరు నెలల్లో నల్లబడుతుంది. మొసలితోలు జోలికి అసలు పోకు. అంతర్జాతీయ వన్యప్రాణి ఒప్పందం కింద అనుమతి పత్రం లేకపోతే విమానాశ్రయంలో ఉంచేసుకుంటారు.

బ్యాగే వద్దనుకుంటే పట్టు స్కార్ఫు. 1937 నుంచి చేస్తున్నారు, 90 సెంటీమీటర్ల చదరం, ధర ఐదారు వందల యూరోలు, అపాయింట్‌మెంట్ లేదు, బతిమాలడం లేదు. ఆ ఇంట్లో నాకు అన్నిటికన్నా నచ్చే వస్తువు అదే. అంచు చేత్తో చుట్టి కుడతారు, వేలితో తడిమితే సన్నని తాడులా గుండ్రంగా తగులుతుంది. ఇంటికి తెచ్చాక మన డ్రైక్లీనింగ్ వాళ్లు చేసే మొదటి పని ఆ అంచు మీద ఇస్త్రీ పెట్టె పెట్టి అణిచెయ్యడం. “అంచు వదిలి మధ్యలోనే చెయ్యి బాబూ” అని నిలబడి చెప్పాలి. ఒకసారి చదునైతే మళ్లీ లేవదు.

డబ్బు కట్టేముందు బ్యాగును కిటికీ వెలుగులో చూడు. నాలుగు మూలలు, హ్యాండిల్ మొదళ్లు, అంచుల మీద రంగు పూత పగుళ్లు, బటన్ బిగువు, లోహం మీద గీతలు. వాపసు, మార్పిడి నియమాలు అప్పుడే అడుగు. కార్డు మిషన్ యూరోలా, రూపాయలా అని అడిగితే యూరోలే నొక్కు. రూపాయలు నొక్కితే మారకం రేటు వాడి ఇష్టం. మన బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీల పరిమితి ముందే పెంచుకో, లేకపోతే అక్కడ కార్డు నిరాకరిస్తుంది.

పన్ను వాపసు ఫారం అడిగి తీసుకో, అసలు పాస్‌పోర్టు కావాలి, జిరాక్స్ పనికిరాదు. ధరలో 20 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది, మధ్యలో కంపెనీ రుసుము పోగా చేతికొచ్చేది పది పన్నెండు శాతం. విమానాశ్రయంలో సామాను చెక్-ఇన్ చేయకముందే పాబ్లో అనే కస్టమ్స్ మిషన్ దగ్గర ఫారం బార్‌కోడ్ చూపించి పచ్చ తెర వచ్చేదాకా ఉండు. బ్యాగు చూపించమంటే చూపించాలి, అది అప్పటికే సూట్‌కేసులో వెళ్లిపోయిందంటే గొడవ. దోహా, దుబాయ్ మీదుగా వస్తే ఇది ప్యారిస్‌లోనే చేసుకోవాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారుతూ బ్యాగు చేతిలో ఉంటే అక్కడ ముద్ర వేయించుకోవాలి.

హైదరాబాద్‌లో దిగాక రెడ్ ఛానెల్‌లో బిల్లు చూపించి సుంకం కట్టు. మినహాయింపు పరిమితి వేలల్లో ఉంటుంది, నీ బిల్లు లక్షల్లో. నియమాలు మారుతుంటాయి, బయలుదేరే ముందు కస్టమ్స్ సైట్లో రేటు చూసి ఆ మొత్తం కూడా బ్యాగు ధరలో కలిపి లెక్క వేసుకో. పెట్టె పారేసి, పాత బ్యాగులా భుజాన వేసుకొస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకు.

ఇంట్లో ఇనప్పెట్టెలోనో ప్లాస్టిక్ కవరులోనో పెట్టకు, వానాకాలానికి బూజు పడుతుంది. వాళ్లిచ్చిన గుడ్డ సంచీలో, లోపల తెల్ల కాగితం ఉండలు కుక్కి, సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి నిలబెట్టు. వార్తాపత్రిక కుక్కకు, సిరా అంటుతుంది. కలరా ఉండలు వద్దు, ఆ వాసన తోలును వదలదు. లోహం మీద ప్లాస్టిక్ పొర ఉంటే పీకెయ్, దాని కింద తేమ చేరి మచ్చలు పడతాయి. నెలకోసారి బయట నీడలో పెట్టు.

చెప్పుల మాట మరిచాను. ఒరాన్ అని హెచ్ ఆకారపు పట్టీ చెప్పులు, ఏ ఫొటోలో చూసినా అవే. అడుగు తోలుది, పాలరాతి మీద జారుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. కొనక తప్పదనుకుంటే, వేసుకోకముందే చెప్పులు కుట్టేవాడితో పల్చని రబ్బరు అంటించు. గుడి బయట మాత్రం వదలకు.

మీ అత్తయ్య