నల్లగా పండే గోరింటాకు కోన్ కొత్తవాళ్లు వాడొచ్చా?

వాడొద్దు, ఎందుకంటే అసలు గోరింటాకు నారింజ నుంచి ముదురు గోధుమ రంగు వరకే పండుతుంది, కారునలుపుగా పండదు.

ఆకులోని లాసోన్ అనే రంగు పదార్థం చర్మం పైపొరలో ఉండే కెరాటిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఇది నిదానంగా జరిగే పని. ముద్ద రాల్చిన వెంటనే లేత నారింజ మరకే కనిపిస్తుంది, గాలి తగిలి ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. గంటలోపే నల్లబడిందంటే అందులో బహుశా పీపీడీ కలిపి ఉంటారు, అంటే జుట్టు రంగుల్లో వాడే రసాయనం. అది పడనివాళ్లకు బొబ్బలు లేస్తాయి, మచ్చలు మిగులుతాయి. పైగా ఆ తర్వాత ఎప్పుడు జుట్టుకు రంగు వేసుకున్నా అలర్జీ తిరగబెట్టొచ్చు. పిల్లల చేతులకైతే అసలు దగ్గరికి రానివ్వకండి.

రంగు ఎంత ముదురుతుందనేది చర్మాన్ని బట్టి కూడా ఉంటుంది. అసలు గోరింటాకు ఉన్న ఒకే కోన్‌తో అరచేతిలో ఒక పువ్వు, మోచేతి దగ్గర ఒక పువ్వు వేసి ఆరు గంటలు ఉంచి చూడండి. మూడో రోజుకు అరచేతి పువ్వు ముదురుగా, రెండోది లేతగా ఉంటుంది. అరచేతి చర్మం మందం కాబట్టి ఎక్కువ రంగు పీలుస్తుంది, అంతే.

ఎంత త్వరగా, ఎంత నల్లగా పండితే అంత మంచి కోన్ అని చాలామంది పొరబడతారు. నెలల తరబడి బయట నిలవుండే కోన్ కూడా అనుమానించాల్సిందే: కలిపిన అసలు ముద్ద ఫ్రీజర్‌లో పెట్టకపోతే కొద్దిరోజులకే పస పోతుంది.