‘ఐ డిడ్ నాట్ వెంట్’ ఎందుకు వదలట్లేదంటే

చిక్కంతా హిందీ ‘నహీ’ (లేదు, కాదు) దగ్గరుంది. మీ పక్కింటి హిందీ కుర్రాడు ‘ఐ వెంట్’ సరిగ్గానే చెప్పి, ‘ఐ డిడ్ నాట్ వెంట్’ దగ్గర ప్రతిసారీ జారుతున్నాడన్నారు కదా. హిందీలో ‘మై గయా’ (నేను వెళ్ళాను)కి ‘నహీ’ చేరిస్తే ‘మై నహీ గయా’ (నేను వెళ్ళలేదు). ‘గయా’ ఉన్నచోటే ఉంది, మారలేదు. అదే అలవాటు ఇంగ్లీషులోకి వస్తోంది.

మనకిది వింతగా తోస్తుంది, ఎందుకంటే ‘వెళ్ళాను’ మనకి ‘వెళ్ళలేదు’ అవుతుంది. ‘వెళ్ళాను లేదు’ అనం. గడిచిన కాలాన్ని ‘లేదు’ మోస్తుంది. ఇంగ్లీషులో ఆ బరువు ‘డిడ్’ది, అందుకే దాని తర్వాత ‘వెంట్’ కాదు, ‘గో’ రావాలి. అతనికి ఇలా నేర్పించండి:

1. ముందు ‘ఐ వెంట్’ రాయించండి.
2. అందరూ దాటేసేది ఇదే: ‘వెంట్’ని విడగొట్టించండి. వెంట్ = డిడ్ + గో. ఏట్ = డిడ్ + ఈట్. సా = డిడ్ + సీ. నోటితో చెప్పి ఊరుకుంటే నిలవదు, కాగితం మీద పడాలి. రోజుకి పది క్రియలు చాలు.
3. మధ్యలో ‘నాట్’ దూర్చమనండి: ఐ డిడ్ నాట్ గో.
4. ప్రశ్నకి ‘డిడ్’ ముందుకి: డిడ్ యు గో?

‘వాజ్’, ‘వర్’లకి ఈ విడగొట్టుడు వద్దు, నేరుగా ‘వాజ్ నాట్’.

‘ఐ హాడ్ గాన్ యెస్టర్‌డే’ కూడా అంటుంటే, అది హిందీ ‘గయా థా’లోని ‘థా’ చేసే పని, దాన్నే ‘హాడ్’ చేస్తున్నాడు. నిన్న వెళ్ళాడు, అంతే అయితే ‘వెంట్’ చాలు.