కార్డు 'రైట్ ఫెయిల్డ్' అంటోందా? ఫార్మాట్ జోలికి అప్పుడే పోకండి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. రిటైరైన టీచర్ని. మా ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగినన్నాళ్లూ పగలు హరికథ, రాత్రి నాటకం టాబ్లెట్‌లో వీడియో తీస్తుంటాను. చాలా ఏళ్లుగా అదే టాబ్లెట్, అదే 32 జీబీ కార్డు. మిగతా రోజుల్లో మనవడు సినిమాలు వేసుకుంటాడు. ఈసారి మొదట్లో వీడియో అరగంట దాటగానే దానంతట అదే ఆగిపోయేది. తపస్సు మాను రోజు (అర్జునుడి వేషం కట్టినాయన తపస్సుకని ఎత్తైన మాను ఎక్కే రోజు) నుంచి అసలు సేవ్ కావడమే లేదు, 'రైట్ ఫెయిల్డ్', అంటే రాయడం కుదరలేదు అని వస్తోంది. పాత వీడియోలు మాత్రం బాగానే ఆడుతున్నాయి, ఆరేడు జీబీ ఖాళీ కూడా చూపిస్తోంది. సెల్ షాపు కుర్రాడు "ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుంది సార్" అన్నాడు. కొట్టమంటారా?

జవాబు: వద్దు మాస్టారూ, ఇప్పుడే వద్దు. ఈ ఏడాది వీడియోలన్నీ ఆ కార్డులోనే ఉన్నాయి కదా, ఫార్మాట్ కొడితే రోగం పోతుందో లేదో గానీ అవి మాత్రం పోతాయి.

మీరు చెప్పింది ఒక సమస్య కాదు, రెండు. అరగంటకి ఆగిపోవడంలో కార్డు తప్పేం లేదు. 32 జీబీ దాకా ఉండే కార్డులు ఫ్యాట్32 అనే పద్ధతిలో వస్తాయి, అందులో ఒక్కో ఫైలు 4 జీబీకి మించి పట్టదు, పక్కన ఎంత ఖాళీ ఉన్నా సరే. ఫుల్ హెచ్‌డీ వీడియో మామూలుగా సెకనుకి రెండు ఎంబీ దాకా తింటుంది, లెక్కేసుకుంటే అరగంట దాటగానే ఆ హద్దు తగులుతుంది. కొన్ని కెమెరా యాప్‌లు అక్కడ తామే రెండో ఫైలు మొదలుపెడతాయి, మీది ఆపేసే రకంలా ఉంది. క్వాలిటీ 720కి తగ్గిస్తే ఇంకాస్త సేపు వస్తుంది. లేదంటే దాసుగారు చిడతలు పక్కన పెట్టి నీళ్లు తాగే సమయంలో మీరే ఒకసారి ఆపి మళ్లీ నొక్కండి. అర్జునుడు మాను ఎక్కుతూ పద్యాలు అందుకున్నాడంటే మధ్యలో ఆపడం కుదరదు కాబట్టి, ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టేముందే కొత్త ఫైలు మొదలుపెట్టుకోండి.

ఇక అసలు సేవ్ కాకపోవడం. ఇక్కడ కాదంటున్నది ఎవరో తేలాలి: కార్డా, టాబ్లెట్టా, యాప్పా? ముగ్గురూ చూపించేది ఆ 'రైట్ ఫెయిల్డ్' ఒక్కటే, అందుకే షాపుల్లో అందరికీ ఒకటే మందు ఇస్తారు.

ముందు సెట్టింగ్స్‌లో స్టోరేజీలోకి వెళ్లి కార్డుని అన్‌మౌంట్ చేసి బయటికి తీయండి. అడాప్టర్లో పెట్టి లాప్‌టాప్‌కి తగిలించి వీడియోలన్నీ అందులోకి ఎక్కించుకోండి. చదవడం బాగానే ఉందన్నారు కాబట్టి ఇబ్బంది ఉండకూడదు. లాప్‌టాప్ 'ఈ డిస్కుని ఫార్మాట్ చేయాలా' అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి. కార్డుని ఎప్పుడైనా 'ఇంటర్నల్ స్టోరేజీ'గా పెట్టుకుని ఉంటే అది ఆ టాబ్లెట్‌కి తప్ప ఇంకెవరికీ అర్థం కాకుండా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, అప్పుడు వీడియోలు టాబ్లెట్‌లో ఉండగానే కాపీ చేసుకోవాలి.

అన్నీ ఎక్కాయి, రెండు మూడు తెరిచి చూశారు అనుకుందాం. ఇప్పుడు అసలు పరీక్ష. కార్డులో పనికిరాని ఫొటో ఒకటి డిలీట్ చేయండి. కార్డుని సేఫ్‌గా ఎజెక్ట్ చేసి, బయటికి తీసి, మళ్లీ పెట్టండి. ఆ ఫొటో తిరిగొచ్చి కూర్చుందా? అయితే కార్డు ఆయుష్షు తీరింది. దాని లోపలి చిప్‌లో రాసి చెరిపే శక్తికి ఒక హద్దు ఉంటుంది. అరిగిపోయిందని గమనించాక చాలా కార్డుల్లో కంట్రోలర్, అంటే కార్డుని నడిపే లోపలి బుర్ర, రాయడం పూర్తిగా మానేసి, చదవడం వరకే ఒప్పుకుంటుంది. అలాంటి కార్డుని ఫార్మాట్ చేస్తే 'పూర్తయింది' అని కూడా రావచ్చు, తీసి పెడితే పాత ఫైళ్లన్నీ యథాతథంగా ఉంటాయి. దాన్ని బాగుచేసే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు, ఎవరైనా చేస్తామంటే డబ్బులివ్వకండి. నిజానికి ఇది మంచి చావే, రాసుకున్నదంతా చేతికిచ్చి మరీ పోతోంది. కొన్ని కార్డులు అదీ లేకుండా రాత్రికి రాత్రి కనబడడం మానేస్తాయి.

లాప్‌టాప్ కూడా 'రైట్ ప్రొటెక్టెడ్' అంటే కంగారుపడకుండా అడాప్టర్ పక్కన చూడండి, గోరంత జారుడు మీట ఉంటుంది. అది లాక్ వైపు దిగిందంటే మంచి కార్డు కూడా రాయనివ్వదు. ఆ మీట అడాప్టర్‌కే గానీ మైక్రో ఎస్‌డీ కార్డుకి ఉండదు.

డిలీట్ చేసిన ఫొటో తిరిగి రాకపోతే, కార్డు బతికే ఉంది, ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే లోపలి పట్టికలు చెదిరాయి. రికార్డు అవుతుండగా చార్జింగ్ అయిపోవడం, కార్డుని అలాగే లాగేయడం వల్ల ఇలా జరుగుతుంది. ఆండ్రాయిడ్‌కి అలాంటి తేడా తగిలితే ఇంకా పాడుకాకుండా కార్డుని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. లాప్‌టాప్‌లో కార్డు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టూల్స్, ఎర్రర్ చెకింగ్, అంతే. దానికీ లొంగకపోతే అప్పుడు ఫార్మాట్. వీడియోలు ఎలాగూ బయటికొచ్చేశాయి. అయితే లాప్‌టాప్‌లో కాకుండా టాబ్లెట్‌లోనే చేయండి, తనకి కావలసినట్టు తనే సర్దుకుంటుంది.

ఒకవేళ లాప్‌టాప్‌లో అన్నీ బాగుండి టాబ్లెట్ ఒక్కటే మొరాయిస్తే స్లాటు చూడాలి. తపస్సు మాను కింద నిలబడే తీసి ఉంటారు, పైనుంచి అర్జునుడు విసిరిన విభూతిలో కొంత అందులోనూ పడి ఉంటుంది! కార్డు బంగారు గీతల్ని పొడి మెత్తటి గుడ్డతో తుడవండి, స్లాటులో పిన్నులు పెట్టి గీకకండి.

ప్రశ్న: అన్నా, తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో చదువుతున్నా. కొత్త టాబ్లెట్. ఫైల్ మేనేజర్‌తో కాపీ చేస్తే కార్డులో పడుతోంది, లెక్చర్ రికార్డు చేసే యాప్ మాత్రం సేవ్ చేయలేకపోతోంది. కార్డు మార్చాలా?

జవాబు: మార్చొద్దు తమ్ముడూ, కార్డు సంగతి నువ్వే తేల్చేశావు, ఫైల్ మేనేజర్ రాస్తోందంటే కార్డు బాగుంది. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 నుంచే కార్డు మీద ఇష్టమొచ్చినట్టు రాయకుండా యాప్‌లకి కట్టడి పెట్టారు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఇంకా బిగించారు, ఫైల్ మేనేజర్ లాంటి వాటికి తప్ప మామూలు యాప్‌కి కార్డు మొత్తాన్ని అప్పగిస్తానన్నా ఒప్పుకోదు. కార్డులో 'లెక్చర్స్' అని ఒక ఫోల్డర్ చేసి, యాప్ సెట్టింగ్స్‌లో సేవ్ లొకేషన్‌గా ఆ ఫోల్డర్‌నే చూపించి, పర్మిషన్ అడిగితే అలౌ అను. ఇంకొకటి, యాప్ తనంతట తాను ఫైలుకి టైముతో పేరు పెడుతుంటే, అందులో 10:30 అన్నట్టు రెండు చుక్కలు వస్తున్నాయేమో చూడు. కార్డులో ఆ గుర్తు ఫైలు పేరుకి పనికిరాదు, దానికే ఆగిపోయే యాప్‌లు కూడా ఉన్నాయి.

ప్రశ్న: తిరుపతిలో పిల్లలకి అన్నమయ్య కీర్తనలు నేర్పుతాను. పాఠాలు రికార్డు చేయడానికి 1 టీబీ కార్డు చాలా చవకగా వచ్చిందని కొన్నాను, బిల్లు ఇవ్వలేదు. మొదట్లో తీసిన పాఠాలు తెరుచుకుంటున్నాయి, తర్వాతవి పేరు, సైజు కనిపిస్తాయి గానీ ఆడవు. టాబ్లెట్ పాడైందా?

జవాబు: టాబ్లెట్‌కేం కాలేదు టీచర్ గారూ, కార్డు నకిలీది, దాదాపు ఖాయం. అందులో ఉండేది బహుశా 8 జీబీయో 16 జీబీయో చిప్పు, 1 టీబీ అని అబద్ధం చెప్పేలా దాన్ని మార్చి అమ్ముతారు. అసలు జాగా నిండాక మీరు పంపినదంతా రాశానంటుంది, ఎక్కడా రాయదు. 'ఫెయిల్డ్' అని చెప్పే కార్డే దీనికన్నా నయం, మోసం ఆ రోజే తెలిసేది.

రూఢి చేసుకోవాలంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని విండోస్‌లో ఉచిత ప్రోగ్రాం ఉంది, కార్డు నిండా రాసి తిరిగి చదివి అసలు సైజు చెప్పేస్తుంది. లైనక్స్ వాళ్లకి ఎఫ్3. కాకపోతే 1 టీబీ అంటే గంటల తరబడి పడుతుంది, అంత అక్కర్లేదు. తెరుచుకునే పాఠాల్ని ముందు లాప్‌టాప్‌లోకి తీసుకుని, కార్డు మీద ఏవైనా 40 జీబీ సినిమాలు పడేసి, కార్డుని తీసి మళ్లీ పెట్టి, చివర వేసినవి ఆడతాయేమో చూడండి చాలు.

అమ్మినాయన వేరేది మార్చి ఇస్తానన్నా అదే డబ్బాలోది తీసుకోకండి, డబ్బులే అడగండి. పాఠాలకి 128 జీబీ ధారాళంగా సరిపోతుంది. పేరున్న కంపెనీది, బిల్లుతో, వారంటీ ఉన్నది కొనండి. తెరుచుకోని పాఠాల కోసం రికవరీ షాపుల చుట్టూ తిరగకండి, అవి కార్డులో పడనే లేదు, పడనిదాన్ని ఎవరూ తీయలేరు. పిల్లల అమ్మానాన్నలకి వాట్సాప్‌లో పంపి ఉంటే మాత్రం వాళ్ల ఫోన్లలో దొరకొచ్చు, వాళ్లు డిలీట్ చేసేలోపే అడిగి తెప్పించుకోండి.