క్యాంప్ సంగతి తర్వాత, ముందు మామగారికి ఫోన్ చెయ్యండి

నిజాంపేట నుంచి రాసిన అమ్మకి,

మీరు అడిగింది ఒక్కటే. బాబుకి ఎనిమిదేళ్లకే కళ్లజోడు వచ్చింది, స్కూల్ నుంచి రాగానే ట్యాబ్, బయటికి రమ్మంటే ఏడుపు, అందుకని వికారాబాద్ వైపు అయిదు రోజుల నేచర్ క్యాంప్‌కి 9 వేలు కట్టి పంపితే చెట్టూ చేమా అలవాటవుతాయా అని. అవ్వవు. ఆ డబ్బులు ఉంచుకోండి.

నన్ను పట్టుకున్నది చివర్లో మీరు రాసిన నాలుగు ముక్కలు. నూజివీడు దగ్గర మామగారికి మామిడితోట ఉంది, రెండేళ్ల కింద బాబు కొమ్మ మీంచి పడి చెయ్యి విరిగింది, మీరు కోత కూలీల ముందే ఆయన్ని "పిల్లల్ని చూసుకోవడం మీకు చేతకాదు" అనేశారు, అప్పట్నుంచి మళ్లీ వెళ్లలేదు. ఆయన మాత్రం పోయినేడు కూడా ఆర్టీసీ పార్సిల్లో చిన్నరసాల పెట్టె పంపారు, గడ్డి మీద బాబు పేరు రాసిన చీటీ పెట్టి. ఆ చీటీ గురించి నాకు రాశారంటే అది మీకింకా గుచ్చుకుంటోందమ్మా.

కళ్ల సంగతి కూడా చెప్తా. వచ్చిన సైటు తోటకెళ్తే పోదు, అద్దాలు పెట్టాల్సిందే. కానీ మీ పాపకి అయిదేళ్లే, ఇంకా రాలేదు కదా. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని మూడేళ్లు స్కూల్లోనే రోజూ అదనంగా 40 నిమిషాలు బయట ఉంచారు, ఉంచని స్కూళ్లలో 39.5 శాతం మందికి కొత్తగా సైటొస్తే ఉంచినచోట 30.4 శాతం మందికే వచ్చింది, 2015లో ప్రచురించారు. పగటి వెలుతురు మహత్యం అది, వెలుతురుని కొలిచే లక్స్ లెక్కలో ఇంట్లో 300, 500 ఉంటే చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది.

వెలుతురు మీ మేడ మీదా ఉంది, కాదనను. కాయలు దించే చిక్కం పట్టుకోవడం నేర్పే తాత అక్కడ లేడు. కాయని తొడిమతో దించకపోతే సొన చిమ్మి మొహం పొక్కుతుందని, ఏ కొమ్మ బరువు ఆపుతుందో ఏది ఆపదో, ఇవన్నీ ఆయన పక్కన నిలబడి చెప్తేనే వాడికి ఎక్కుతాయి, ట్యాబ్ కూడా అప్పుడే మర్చిపోతాడు.

పెద్దవాళ్లు ఏమన్నా పడుండాలని చెప్పే మనిషిని కాను నేను, మా అత్తగారితో నేనూ గట్టిగానే మాట్లాడాను. కానీ నలుగురిలో ఒక పెద్దాయన పరువు తీశాక తప్పు ఒప్పుకోవడం మన వంతు, అందులో మీ ఆత్మగౌరవం ఏమీ పోదు. రెండేళ్లు నోరు మెదపని మీ ఆయన తీరు కూడా నాకు నచ్చలేదు, ఆయన తండ్రి కదా.

మే నెల ఎండ కాబట్టి పిల్లల్ని పొద్దున తొమ్మిదిలోపు, మళ్లీ సాయంత్రం అయిదు దాటాకే తోటలోకి పంపండి, కాళ్లకి చెప్పులుండాలి. ఫోన్ మాత్రం మీ ఆయన చేత చేయించొద్దు, మీరే చెయ్యండి. "ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది మామయ్యగారూ" అంటే చాలు, తర్వాత బాబుకి ఇచ్చెయ్యండి.