నాడీ ప్రచోదనం పాఠం మొదటిసారి చెప్పబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

వచ్చే వారం నాడీ ప్రచోదనం (నరం వెంట పోయే విద్యుత్ సంకేతం) చెప్పాలి, నాకే సగం అర్థం కాలేదు మామయ్యా అని రాశావు. సగం కాలేదని తెలిసింది కదా, నయం. నేను మొదటి నాలుగేళ్లూ అంతా అర్థమైందనుకునే చెప్పాను.

"నరమంటే కరెంటు తీగ లాంటిది" అని మొదలుపెట్టేవాణ్ణి. ఓ ఏడు వెనక బెంచీ పిల్లాడు లేచి, "స్విచ్ వేయగానే లైటు వెలుగుతుంది కదా సార్, మరి వేలికి దెబ్బ తగిలితే మంట ఆలస్యంగా ఎందుకొస్తుంది?" అన్నాడు. గంట కొట్టారు కాబట్టి గట్టెక్కాను. ఆ పోలిక నువ్వు ఎత్తుకోకు. తీగలో ఎలక్ట్రాన్లు తీగ వెంబడే కదులుతాయి. నరంలో ముఖ్యమైన కదలిక అడ్డంగా ఉంటుంది: అయాన్లు, అంటే ఆవేశమున్న సోడియం, పొటాషియం రేణువులు, కణం పొరని దాటి లోపలికొస్తాయి, బయటికి పోతాయి. లోపలికొచ్చిన సోడియం ప్రభావం కాస్త పక్కకి పాకి, అక్కడ పొరలో అయాన్లు దాటే తలుపుల్ని తెరిపిస్తుంది. అక్కడ మళ్లీ అదే తంతు.

ముందు ఊరకున్న నాడీకణం గురించి చెప్పు. పీరియడంతా దానికే పోయినా పోనీ. దాని పొరలోని సోడియం-పొటాషియం పంపు మూడు సోడియంలని బయటికి నెట్టి రెండు పొటాషియంలని లోపలికి లాగుతుంది. లోపల పోగైన పొటాషియం, తెరిచే ఉన్న దారుల్లోంచి కొంచెం కొంచెం బయటికి జారుతుంది. ధనావేశం జారిపోతే లోపల ఋణం మిగులుతుంది, దాదాపు మైనస్ 70 మిల్లీవోల్టులు. "అంతేనా" అని పిల్లలు చప్పరించేస్తారు. పొర మందం ఏడెనిమిది నానోమీటర్లేనని చెప్పి, లెక్క వాళ్లచేతే బోర్డు మీద వేయించు. సెంటీమీటరుకి లక్ష వోల్టుల దరిదాపుల్లో తేలుతుంది. అప్పుడు చూడు వాళ్ల మొహాలు.

ఇక అసలు ఘట్టం. ప్రేరణ తగిలి లోపలి వోల్టేజి మైనస్ 55 దగ్గరికి రాగానే సోడియం తలుపులు బార్లా తెరుచుకుంటాయి, లోపల ప్లస్ 30, 40 దాకా ఎగుస్తుంది. మిల్లీసెకను లోపే అవి మూతపడతాయి, పొటాషియం తలుపులు తెరుచుకుంటాయి. మూతపడ్డ సోడియం తలుపులు కాసేపు మళ్లీ తెరుచుకోవు కాబట్టే ప్రచోదనం వెనక్కి తిరగదు.

జవాబు పత్రాల్లో కాలు జారేది ఇక్కడే. "పంపు పనిచేసి మళ్లీ మైనస్‌కి తెస్తుంది" అని రాస్తారు. ఎన్ని వందల పత్రాల్లో దిద్దానో! తెచ్చేది బయటికి పోయే పొటాషియం. ఒక్క ప్రచోదనానికి దాటే అయాన్లు చాలా తక్కువ. పంపుని ఆపేసినా స్క్విడ్ అనే సముద్రజీవి పెద్ద ఆక్సాన్ (నాడీకణం నుంచి సాగే పొడవాటి పోగు) ఇంకా వేల ప్రచోదనాలు పంపగలదు. ఆ స్క్విడ్ కథ తప్పక చెప్పు. దాని ఆక్సాన్ అర మిల్లీమీటరు పైనే లావుంటుంది కనకే హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు దానిలోకి ఎలక్ట్రోడు దూర్చగలిగారు. 1952లో వాళ్లు ప్రచురించిన లెక్కలకి 1963లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు ఆ పిల్లాడి ప్రశ్న. బొటనవేలు గడపకి కొట్టుకున్నప్పుడు ఈసారి గమనించు. ముందు చురుక్కుమంటుంది, ఓ క్షణం ఆగి మంట మొదలవుతుంది. దారులు రెండు. మయలిన్ అనే కొవ్వు తొడుగు పలచగా ఉన్న నరాల పోగుల్లో వార్త సెకనుకి 5 నుంచి 30 మీటర్లు పోతుంది. తొడుగు లేని సన్న పోగుల్లో ఒక మీటరు దరిదాపే, అంటే వెన్నుపాము చేరేసరికే దాదాపు సెకను గడుస్తుంది. లావుపాటి మయలిన్ పోగుల్లోనైతే రాన్వియర్ కణుపు (తొడుగు మధ్య ఖాళీ) నుంచి కణుపుకి గెంతుతూ 120 మీటర్ల దాకా పోతుంది. స్విచ్ వేయగానే వెలిగే లైటుతో దీనికి పోటీ ఏమిటి? హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రవేత్త 1850లోనే కప్ప నరంలో ఈ వేగం కొలిచాడు.

సినాప్స్‌ని అదే పీరియడ్లో ఇరికించకు. రెండు నాడీకణాలు కలిసే ఆ చోట, 20 నానోమీటర్ల సందు దగ్గర కరెంటు ఆగి రసాయనం మొదలవుతుంది: కాల్షియం లోపలికొస్తుంది, రసాయనం నిండిన చిన్న సంచులు పొరకి అతుక్కుని పగులుతాయి, ఎసిటైల్‌కోలిన్ లాంటి రసాయనం అవతలి గట్టుకి చేరుతుంది. 1921లో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలతో చేసిన ప్రయోగంతో మొదలుపెట్టు. ఒక గుండెని దాని వేగస్ నరాన్ని ప్రేరేపించి నెమ్మదింపజేసి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండోదాని మీద పోస్తే అదీ నెమ్మదించింది. ఎందుకో వాళ్లనే చెప్పమను, నువ్వు తొందరపడకు.

మొదటి పీరియడ్ అయ్యాక ఏ ప్రశ్నకి నీకు నోరు పెగల్లేదో రాయి.

మామయ్య