చలిదేశంలో ఉన్న తమ్ముడికి ఊలు టోపీ

మహబూబ్‌నగర్

బిడ్డా,

పెద్దమ్మ ఆశీస్సులు. తమ్ముడు షికాగో చేరాడనీ, వాడికి నీ చేత్తో టోపీ అల్లి పంపాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. మస్తు సంతోషమైంది. మన సంక్రాంతి చలికి ఒక శాలువా చాలు. అక్కడ జనవరిలో సున్నా కిందికి పోతుంది, పైగా మిషిగన్ సరస్సు మీది గాలి. పలచటి అల్లికైతే ఆ గాలి లోపలికి దూరుతుంది. లావు ఊలు, దట్టంగా గింజగింజగా ఉండే అల్లిక, పైన ఊలు బంతి అని నువ్వు అనుకున్నది సరిగ్గా ఉంది.

ఊలు పైలంగా కొను. మన పాలమూరు నల్లగొర్రెల ఉన్ని గొంగడికి పెట్టింది పేరు. వానకూ చలికీ అదే కాపాడుతుంది. కానీ అది గరుకు, నుదుటికి తగిలితే వాడు కాసేపు కూడా ఉంచుకోలేడు. మెత్తటి మెరీనో గానీ, మంచి అక్రిలిక్ గానీ తీసుకో. బంతితో కలిపి 200 గ్రాములు, అన్ని ఉండలూ ఒకే లాట్ నంబరువి, అంటే ఒకేసారి రంగు వేసినవి. వేరే లాటైతే అదే రంగు అన్నా అల్లినాక చార కనిపిస్తుంది. లావు ఊలు దొరక్కపోతే మామూలుది రెండు పోగులు కలిపి అల్లు. మొదటి టోపీకి నలుపు వద్దు, కుట్లు కంటికి ఆనవు.

సూదులు రెండు జతలు కావాలి: అంచుకు 5.5 మిల్లీమీటర్లవి, మిగతాదానికి 6.5వి. కొన్ని దుకాణాల్లో ఇంకా పాత నంబర్లే చెప్తారు. వాటిలో నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. 5.5 అంటే 5 నంబరు, 6.5 అంటే 3 నంబరు.

ఇప్పుడు అసలు మాట. టోపీ మొదలుపెట్టే ముందు చిన్న నమూనా ముక్క అల్లు. అందరూ ఎగ్గొట్టేది ఇదే. నువ్వు పుట్టపాక కోడలివి, మీ ఇంట్లో చిటికి కట్టేవాళ్లు, అదే ఇక్కత్ చీరల నూలుకు ముడులు కట్టి రంగులద్దేవాళ్లు, మగ్గం ఎక్కించక ముందే పోగుపోగుకూ లెక్క వేసుకుంటారు కదా, ఇదీ అంతే. పెద్ద సూదులతో 21 కుట్లు ఎక్కించి, టోపీకి అనుకున్న అల్లికలోనే 12 సెంటీమీటర్ల ఎత్తు అల్లు. కాసేపు పక్కన పెట్టి, అంచులు వదిలేసి నడుమ 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు ఉన్నాయో లెక్కపెట్టు. 14 వస్తే 71 కుట్ల టోపీ చుట్టుకొలత 51 సెంటీమీటర్లు దాటదు. నీ చెయ్యి వదులై 12 వస్తే అవే 71 కుట్లు 59 అవుతాయి, టోపీ వాడి కళ్ల మీదికి జారుతుంది. సన్న ఊలులో ఒకటి రెండు కుట్ల తేడా అంత పెద్దగా తెలియదు, లావు ఊలులో అదే టోపీని పాడుచేస్తుంది. తల కొలత కనుబొమ్మల పైనుంచి, చెవుల మీదుగా తీయమని తమ్ముడికి చెప్పు. అందులోంచి 5 సెంటీమీటర్లు తగ్గించు, అప్పుడే తలను పట్టుకుంటుంది. వాడిది 55 అనుకుంటే 50కి 70 కుట్లు, బేసి రావాలి కాబట్టి ఇంకొకటి.

చిన్న సూదుల మీద 71 ఎక్కించు, బిగించకు. మొదటి వరుస ఒకటి సీదా (నిట్), ఒకటి ఉల్టా (పర్ల్), చివర సీదా. రెండో వరుస ఉల్టాతో మొదలై ఉల్టాతో ముగుస్తుంది. ఇట్లా 10 సెంటీమీటర్లు. సగం పైకి మడిస్తే చెవుల మీద రెండు పొరలు పడతాయి. తర్వాత పెద్ద సూదులకు మారి, అట్లనే ఒకటి సీదా, ఒకటి ఉల్టా అల్లు, కానీ ప్రతి వరుసా సీదాతోనే మొదలుపెట్టు. అంతే, గింజల అల్లిక వస్తుంది. మధ్యలో లెక్క తప్పితే ఎదుటి కుట్టు మెడ చూడు. అడ్డంగా చిన్న ముడి కనిపిస్తే సీదా వెయ్యి, నున్నగా ఉంటే ఉల్టా వెయ్యి. ఈ చూపు వచ్చిందంటే టీవీ చూస్తూ కూడా అల్లుతావు. జడల అల్లిక కూడా అందమే, కానీ అది లోపలికి గుంజుకుంటుంది, లెక్కంతా మారుతుంది. ఇప్పుడు దాని జోలికి పోకు.

గింజల అల్లిక 14 సెంటీమీటర్లు అయ్యాక తగ్గించు. ఒక సీదా, తర్వాత రెండు కలిపి ఒకటి, ఇట్లా చివరిదాకా పోయి మిగిలిన రెండూ సీదా అల్లితే 48 ఉంటాయి. ఒక వరుస ఉల్టా. రెండేసి కలుపుతూ 24, మళ్లీ ఒక వరుస ఉల్టా, మళ్లీ రెండేసి కలిపితే 12. ఊలు పొడుగ్గా కత్తిరించి, లావు సూదితో ఆ పన్నెండింటిలోంచి లాగి బిగించు. వెనక కుట్టేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకో: అంచులో మొదటి 5 సెంటీమీటర్లు అవతలి వైపు నుంచి కుట్టాలి, మడిచినప్పుడు పైకి కనిపించేది లోపలి వైపే.

బంతికి 9 సెంటీమీటర్ల అట్ట చక్రాలు రెండు, నడుమ 3 సెంటీమీటర్ల రంధ్రం. రెండూ జతపెట్టి, రంధ్రం నిండేదాకా ఊలు చుట్టు. తక్కువ చుడితే బంతి బోసిగా ఉంటుంది. అంచు వెంట కత్తిరించి, చక్రాల మధ్యలోంచి గట్టి పాలిస్టర్ దారం నాలుగు పేటలు వేసి ముడి బిగించు. ఊలుతో ముడేస్తే గుంజినప్పుడు పుటుక్కున తెగుతుంది. దారం కొసలు టోపీ లోపలికి దింపి ఒక గుండీకి కట్టు. ఉతికేటప్పుడు విప్పి తీయొచ్చు, లేకుంటే తడిసిన బంతి బరువుకు టోపీ నెత్తి సాగిపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో ఉతికి, పిండకుండా తువాలులో ఒత్తి, పరిచి ఆరబెట్టమని వాడికి రాసి పెట్టు.

నమూనా అయ్యాక ఫొటో తీసి పంపు, పక్కన టేపు పెట్టి తియ్యి. 14 కాక ఇంకేదైనా వస్తే ఎన్ని కుట్లు ఎక్కించాలో, పైన ఎట్లా తగ్గించాలో నేను లెక్క కట్టి చెప్తా.

మీ పెద్దమ్మ