కలరా ఉండల వల్లా, మలేరియా మాత్రల వల్లా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మధురవాడ. మా తమ్ముడు పాడేరు సైడు రోడ్డు పనుల్లో సూపర్‌వైజర్‌గా చేస్తాడు, చలిజ్వరంతో ఇంటికొస్తే టెస్టులో వైవాక్స్ మలేరియా అన్నారు, క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు రాశారు. వణికిపోతున్నాడని ట్రంకుపెట్టెలోంచి పాత దుప్పట్లు తీసి కప్పాం, వాటినిండా కలరా ఉండల వాసనే. మూడో రోజుకి మూత్రం డికాషన్ రంగులో వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి, హిమోగ్లోబిన్ 13 నుంచి 7కి పడిపోయింది. ఆసుపత్రిలో ప్రైమాక్విన్ ఆపించి రక్తం ఎక్కించారు, ఇప్పుడు తేరుకున్నాడు. డిశ్చార్జికి ముందు చేసిన జీ6పీడీ టెస్టు నార్మల్ వచ్చింది. అమ్మేమో అంతా కలరా ఉండల వల్లే అంటోంది, మావయ్యేమో కామెర్లు, పసరు పోయిద్దాం అంటున్నాడు. మిగిలిన మాత్రలు మళ్లీ మొదలెట్టొచ్చా? నేను పురిటికొచ్చి ఇక్కడే ఉన్నాను, 2 నెలల బాబు.

జవాబు: మిగిలిన ప్రైమాక్విన్ మాత్రలు ఒక్కటి కూడా వెయ్యకండమ్మా. ఆ నార్మల్ రిపోర్టు చూసి మొదలెట్టేస్తారేమోనన్నదే నా భయం.

ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, అన్నాళ్లూ దాన్ని కాపాడేది జీ6పీడీ అనే ఎంజైమే. అది తక్కువున్నవాళ్లు మామూలుగా ఏ లోటూ తెలీకుండా తిరిగేస్తారు, కానీ ప్రైమాక్విన్ లాంటి మందు పడితే లోపలి హిమోగ్లోబిన్ పాడైపోయి కణాలు పగిలిపోతాయి, అదే మూత్రంలో కనిపించిన రంగు. కణం ముసలిదయ్యేకొద్దీ ఎంజైమ్ తగ్గుతుంది కాబట్టి ముందు పగిలేవి ముసలి కణాలే. మీవాడికి టెస్టు చేసేసరికి మిగిలినవి కొత్త కణాలు, వాటిలో ఎంజైమ్ ఎక్కువ, పైగా ఎక్కించిన రక్తంలో ఉన్నవి వేరేవాళ్ల కణాలు, ఇంక నార్మల్ రాక ఏమొస్తుంది! మూడు నెలలాగి మళ్లీ చేయించండి, అప్పటిదాకా లోపం ఉన్నట్టే లెక్క.

ఇక కలరా ఉండలు. నాఫ్తలీన్ ఉండలైతే అమ్మగారి అనుమానం కొట్టిపారేసేది కాదు, ఆ ఆవిరి ఒంట్లోకెళ్లాక ఎర్రకణాన్ని దెబ్బతీసేది కూడా ప్రైమాక్విన్ దారిలోనే. పెద్దవాళ్లలో ఒక్క దుప్పటి వాసనకే హిమోగ్లోబిన్ ఇంతలా పడిపోవడం అరుదు, కాబట్టి నా లెక్కలో పెద్ద దెబ్బ మందుదే, కానీ జ్వరం, మందు, ఆ దుప్పటి మూడూ ఒకేసారి మీదపడ్డాయి, ఏది ఎంతని విడగొట్టి చెప్పలేం. పసరు మాత్రం వద్దే వద్దు, ఇది లివర్ కామెర్లు కాదు, రక్తం విరిగి వచ్చిన పచ్చదనం.

అలాగని వైవాక్స్‌ని వదిలెయ్యకూడదు, లివర్‌లో దాక్కున్న క్రిమి కొన్ని నెలలకి మళ్లీ జ్వరం తెస్తుంది. లోపం ఉన్నవాళ్లకి ప్రైమాక్విన్‌ని వారానికోసారి చొప్పున 8 వారాలు, రక్తం చూసుకుంటూ ఇచ్చే పద్ధతి ఉంది, అది డాక్టర్ కళ్లముందే జరగాలి, అందరికీ కుదరదు కూడా. కాగితాలన్నీ పట్టుకుని విశాఖలోని పెద్ద సర్కారీ ఆసుపత్రి కేజీహెచ్‌కో మీరు చూపించుకునే పెద్దాసుపత్రికో వెళ్లండి. కుష్ఠుకిచ్చే డాప్సోన్, మూత్రం ఇన్ఫెక్షన్‌కిచ్చే నైట్రోఫ్యూరంటాయిన్ కూడా అతనికి పడవు, మందుల షాపులో నోటిమాటగా ఏదీ కొనొద్దు.

నాకు తమ్ముడికన్నా ఇప్పుడు మీ బాబు గురించే ఎక్కువ బెంగ. ఈ లోపం మగపిల్లలకి తల్లి వైపు నుంచి వస్తుంది, తమ్ముడికుంటే మీలోనూ ఉండటానికి సగం అవకాశం, మీలో ఉంటే బాబుకి మళ్లీ సగం. మన ఇళ్లల్లో పసివాడికి ఒళ్లంతా నూనె రాసి, స్నానం పోసి, మెత్తగా ఉంటాయని పెట్టెలో దాచిన పాత చీరముక్కల్లో చుడతాం కదా, నాఫ్తలీన్ నూనె రాసిన ఒంట్లోకి ఇంకా తేలిగ్గా దిగుతుంది, అలా చుట్టిన పసిపిల్లల్లో రక్తం విరిగి కామెర్లు ముదిరిన కేసులు వైద్యంలో ఎప్పట్నుంచో తెలిసినవే. ఆ ఉండలన్నీ ఇవాళే తీసి పారేయండి, బాబుకి వాడే ప్రతి గుడ్డా ఉతికి రెండు మూడు రోజులు మంచి ఎండలో వేసి, వాసన పూర్తిగా పోయాకే వాడండి, పెట్టెలో ఎండు వేపాకు వేసుకోండి. ముచ్చటకని గోరింటాకు కూడా పెట్టొద్దు, దానివల్లా ఇదే ముప్పు. మీరు పాలిస్తున్నారు కాబట్టి ఏ మందు రాయించుకున్నా తమ్ముడికి జరిగింది చెప్పండి, బాబుకి జీ6పీడీ టెస్టు ఈ వారంలోనే చేయించండి. ఈలోగా వాడి కళ్లు పచ్చబడినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా, మూత్రం రంగు మారినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి.